అలర్జీలు: ఏమీ లేవు

ఆరేళ్ళ కిందట రెడ్డియార్‌పాళయంలోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దాయనకు ఇవ్వకూడని ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందు ఆయనకు పడదన్న సంగతి కంప్యూటర్‌లో ఎక్కించడం కౌంటర్‌లో ఉన్న నర్సు మరిచిపోయిందని అందరూ అన్నారు. ఆమె ఉద్యోగం పోయింది. ఊళ్ళో మరెక్కడా నర్సు పని దొరకలేదు.

ఆమె మరిచిపోలేదు. ఎక్కించింది. ఆ సంగతి నాకు ఆ రోజు మధ్యాహ్నమే తెలుసు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే.

క్షమించమని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టుగా ఒకచోట ఉండాలని రాస్తున్నాను. ఈమధ్య ఒకసారి నోటితో చెప్పబోయి ఉన్నదాన్ని ఇంకా పాడుచేశాను. అదీ రాస్తాను.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. ఒక ఎలక్ట్రికల్ షాపు మేడమీద ఒంటిగది ఆఫీసు నాది. పైపుల డీలర్లకూ కల్యాణ మండపాలకూ వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. నర్సింగ్ హోమ్ పని రావడం అంటే నాకు ఒక మెట్టు పైకెక్కినట్టే. వాళ్ళు అడిగింది పెద్దదేమీ కాదు. కింద కౌంటర్‌లో పేషెంటు వివరాలు ఎక్కిస్తే, పైన వార్డులో డాక్టరు ముందున్న తెరమీద కనబడాలి. కాగితం ఫైళ్ళు పట్టుకుని మెట్లెక్కి దిగే పని తప్పాలి. అంతే.

వెబ్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఏది పంపినా అక్షరాల వరుసగానే వెళుతుంది. మేం దాన్ని స్ట్రింగ్ అంటాం. మందు పేరు, అది వాడితే ఏమైంది, ఎప్పుడైంది, అన్నీ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో కామాలూ కొటేషన్ గుర్తులూ. అటువైపు చేరాక ఆ వరుసను విడదీసి ఏ అరలోది ఆ అరలో సర్దాలి. సర్దినదాన్ని ఆబ్జెక్ట్ అంటాం. చూడటానికి ఒక్క లైను పని. నా బతుకులో నేను చేసిన తప్పులన్నిటికన్నా పెద్దది ఆ ఒక్క లైను దగ్గరే చేశాను.

మొదట్లో నేనూ పాత పద్ధతే వాడేవాణ్ణి. వచ్చిన అక్షరాలను ప్రోగ్రామ్‌లాగా నడిపించేస్తే ఆబ్జెక్ట్ దానంతటదే తయారవుతుంది. కానీ ఆ అక్షరాల మధ్య ఎవరైనా ఒక ఆజ్ఞను దూరిస్తే కంప్యూటర్ దాన్ని కూడా నడిపిస్తుంది. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని చదవడం వేరు, అందులో ఏం రాసి ఉంటే అది చేసేయడం వేరు. ఇది తెలిశాక, చదవడమే తప్ప పాటించడం తెలియని పార్సర్‌కు మారాను. అది నిక్కచ్చి మనిషిలాంటిది. ఒక్క గుర్తు అటూ ఇటూ అయినా మొత్తం వరుసను తిప్పికొట్టి ఎర్రర్ అని అరుస్తుంది. ఆ అరుపు మన మేలుకే.

ప్రారంభం రోజు ఆ అరుపు అందరి ముందూ వినబడింది. పూజ అయ్యాక, వచ్చిన పెద్దలకు చూపిద్దామని నర్సింగ్ హోమ్ యజమాని అయిన డాక్టరుగారు వార్డులో తెర ముందు నిలబడ్డారు. ఆయనది యానాం. ఒక పేషెంటు వివరాలు నొక్కగానే తెరమీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఎర్రటి పట్టీ వచ్చింది.

“ఏంటయ్యా ఇది? ఆసుపత్రి పెట్టానా, రైల్వే గేటు పెట్టానా?” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక ఆయన నవ్వలేదు. “ఇంకోసారి ఆ ఎరుపు నా తెరమీద కనబడిందా, నువ్వు మాకు కనబడవు” అన్నారు.

ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో వెతకాల్సింది. వెతకలేదు. సాయంత్రంలోపల పార్సర్ చుట్టూ ఒక చిన్న కంచె కట్టాను. వచ్చిన వరుసను అది ఒప్పుకోకపోతే నోరెత్తకుండా ఒక ఖాళీ ఆబ్జెక్ట్ ఇచ్చేయాలి. ఆ ఫంక్షన్ పేరులో ‘సేఫ్’ అని కూడా పెట్టుకున్నాను. పేరూ వయసూ వేరే జాబితా నుంచి వచ్చేవి కాబట్టి పేజీ ఎప్పుడూ నిండుగానే కనబడేది. అలర్జీల అర ఖాళీగా ఉంటే, ఆ చోట ‘అలర్జీలు: ఏమీ లేవు’ అని పడేది. అది కూడా నేను రాసిందే. ఏమీ లేవు అని చెప్పడానికీ, నాకు అర్థం కాలేదు అని చెప్పడానికీ మధ్య ఉన్న తేడాను నేను తీసేశాను. ఆ తరవాత ఎరుపు కనబడలేదు. డాక్టరుగారు భుజం తట్టారు.

ఇంకో తప్పు కింద కౌంటర్ వైపు ఉంది. అక్కడ స్ట్రింగ్‌ను తయారుచేయడానికి సరైన సాధనం ఉన్నా, నేను చేత్తో ముక్కలు అతికించాను. ముందు ఒక కొటేషన్ గుర్తు, మధ్యలో నర్సు టైపు చేసిన మాట, చివర ఇంకో గుర్తు. ఆమె టైపు చేసిన మాటలోనే కొటేషన్ గుర్తు ఉంటే ఏమవుతుంది? మాట అక్కడితో అయిపోయిందనుకుని పార్సర్ మొత్తాన్ని కాదంటుంది. ఈ సంగతి ఈ పనిలో దిగిన మొదటి సంవత్సరమే తెలుస్తుంది. నాకూ తెలుసు.

కౌంటర్‌లో ఉన్న నర్సుకు అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి. తరాల కిందటే ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళమ్మాయి. మాదీ అలాంటి ఇల్లే కాబట్టి నన్ను అన్నా అనేది, నేను ఆమెను అమ్మా అనడానికి ‘మా’ అనేవాణ్ణి. ఆమెకు టైపింగ్ నేనే నేర్పాను.

“ఏందన్నా ఇది, ఒక మాట రాసేదానికి ఇన్ని పెట్టెలా? మా అత్త కూడా ఇన్ని ప్రశ్నలు అడగదు” అనేది.

ఆమెకొక అలవాటుంది. పేషెంటు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, కొటేషన్ గుర్తుల మధ్య రాసేది. తెలుగైతే తెలుగు, తమిళమైతే తమిళం, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఎందుకని అడిగాను.

“నర్సింగ్ స్కూల్లో మా మేడం చెప్పింది అన్నా. పేషెంటు చెప్పిన మాట వేరే, మనకు తెలిసిన మాట వేరే. రెండూ కలిపేయబాక అనె. వాళ్ళ మాట అని తెలియాల కదా, దానికే ఈ గుర్తులు.”

“అంత చాదస్తం ఎందుకు మా? మందు పేరు రాస్తే చాలు కదా?”

“మందు పేరు వాళ్ళకి యాడ తెలుస్తాది? పసుపు బుడ్డి ఊసి అంటారు. దాన్ని పట్టుకొనే కదా మనం కనుక్కొనేది.”

ఊసి అంటే సూది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె అలవాటు నా కళ్ళతో చూసి కూడా, ఆమె రాసే పద్ధతిలో ఒక్కసారైనా టైపు చేసి పరీక్షించలేదు. నేను పరీక్షించినవన్నీ నాలాంటివాడు రాసే ఒంటిపదాలు. ఇంకొకటి కూడా అడిగింది. పడని మందుల పేర్లు పాత ఫైళ్ళమీద ఎర్ర సిరాతో రాసే అలవాటుందట, అది కూడా రాసేదా అని. “ఒకే పని రెండుసార్లెందుకు?” అన్నాను. రాయడం మానేసింది.

ఆ పెద్దాయన మురుంగపాక్కంవాడు. కాలికి పుండు పడి చేరాడు. చాలా ఏళ్ళ కిందట ఎక్కడో పెన్సిలిన్ సూది వేస్తే చావు తప్పిందని కౌంటర్‌లో ఆమెకు చెప్పాడు. ఆమె మందు పేరు రాసి, పక్కన ఆయన మాటలు రాసింది. ఎంటర్ నొక్కింది. మరునాడు ఆమెకు వారపు సెలవు. పొద్దున డ్యూటీ డాక్టరు వార్డులో తెర చూశాడు. అలర్జీలు: ఏమీ లేవు. కాలి పుండుకు ఆయన రాసింది కూడా పెన్సిలిన్ జాతి ఇంజెక్షనే. అలాంటి మందు ఇచ్చే ముందు చర్మం కింద కొంచెం ఎక్కించి పడుతుందో లేదో చూడాలి. తెర అంత నిబ్బరంగా చెబుతుంటే ఆయన ఆ పరీక్ష వదిలేశాడు. ఇంజెక్షన్ ఇచ్చిన కొద్దిసేపటికే పెద్దాయన ఊపిరి ఆగింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం నిలిచింది కానీ, మెదడుకు ప్రాణవాయువు అందని ఆ కాసేపట్లోనే ఆయన మాటా, కుడిపక్కా పోయాయి.

మధ్యాహ్నం నన్ను పిలిచారు. దాచి ఉన్న స్ట్రింగ్‌ను తెరిచి చూశాను. ఆమె రాసింది మొత్తం అక్కడే ఉంది. మందు పేరు, గుర్తుల మధ్య ఆయన మాట. నాకు అంతా అర్థమవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటి దగ్గరనుంచి ఆమెను పిలిపించారు. డాక్టరుగారు నన్ను అడిగారు, “ఎంట్రీ ఉందా, లేదా?”

“తెరమీద లేదు సార్” అన్నాను.

అది అబద్ధం కాదు. అంతకన్నా నీచమైనది.

“అన్నా, నేను ఏసినాను కదా!” అంది ఆమె. “మీరు నేర్పించినట్టే ఏసినాను. ఎంటర్ కూడా కొట్టినాను. లోపల చూడండన్నా, ఉంటాది.”

“సేవ్ అయి ఉండదు మా” అన్నాను. ఆమె ముఖం చూడలేదు, కీబోర్డు చూస్తూ అన్నాను.

ఆ సాయంత్రమే రెండు వైపులా సరిచేశాను. కౌంటర్ దగ్గర స్ట్రింగ్ తయారుచేసే పని సరైన సాధనానికి అప్పగించాను. వార్డులో పార్సర్ ఒప్పుకోకపోతే ‘ఈ వివరాలు చదవలేకపోయాం, పేషెంటును అడగండి’ అని పెద్ద అక్షరాల్లో పడేలా చేశాను. మొత్తం గంట పని. అయితే ఇప్పుడు ఆ పెద్దాయన పేజీ తెరిస్తే ఆ అక్షరాలే కనబడతాయి. ఎవరైనా లోపల వెతికితే ఆమె మాటలు బయటపడతాయి. అందుకని ఆ ఒక్క వరుస తీసేశాను. కాపీ కూడా ఉంచుకోలేదు.

ఆమెను తీసేశారు. డాక్టరుగారు నన్ను ఇంకో రెండు క్లినిక్‌లకు సిఫారసు చేశారు. ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళి పిల్లలకు పాఠం కూడా చెప్పాను. ఎర్రర్‌ను మింగేయకూడదు, ఖాళీని జవాబుగా చూపకూడదు అని బోర్డుమీద రాసి చెప్పాను. చప్పట్లు కొట్టారు. నర్సు గురించి చెప్పలేదు.

కిందటి నెల రెడ్డియార్‌పాళయం బస్‌స్టాప్‌లో ఎవరో పిలిచారు.

“అన్నా, బాగుండారా? నన్ను గుర్తుపట్టలేదా ఏంది?”

ఆ నర్సే. మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. జుట్టు సగం నెరిసింది. యాడ పని చేస్తాండావు అని అడిగాను.

“మేట్టుపాళయంలో. సబ్బులు ప్యాకింగు. ఊసి ఏసిన చెయ్యి అట్టపెట్టెలకు టేపు ఏస్తాండాది. పెట్టెలు బాగుండాయన్నా, ఏసినా అరవవు.”

తనే నవ్వింది. కాసేపు బస్సు వచ్చే వైపు చూసి, గొంతు తగ్గించి అంది. “ఒకటి చెప్పేదా? ఆ పొద్దు ఎంటర్ కొట్టినట్టే నాకు గుర్తుండె. రెండేండ్లు అట్లనే అనుకొనింటి. అప్పురం ఆలోచన చేసి చేసి, కొట్టలేదేమో అనిపించె. ఇప్పుడు కొట్టలేదనే బాగా గుర్తుండాది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదన్నా. ఆ పెద్దాయన ఇంటికి పోయి, ఆయన పెండ్లాం, ఆ అవ్వ కాళ్ళమీద పడి, తప్పు నాదే అని చెప్పేసినా. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం పోయి ఆయనకు కట్టు మారుస్తాండా. ఒకే తావలో పండుకొని వీపంతా పుండు. ఇంట్లో బీగం ఏసి మూడుతూర్లు తిరిగొచ్చి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు.”

ఆమె బస్సు వచ్చింది. ఎక్కింది. 

ఆమె ఉద్యోగం పోవడం నాకు తెలుసు. పేరు పోవడం తెలుసు. కానీ తన చేత్తో తాను చేసిన పనిని, చేయలేదని గుర్తు తెచ్చుకునే దాకా వస్తుందని నేను అనుకోలేదు. నేను తీసేసింది ఒక వరుస అనుకున్నాను. అది ఆమె లోపల కూడా పోయింది.

ఆ వచ్చిన ఆదివారం ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆరిన బట్టలు మడతపెడుతోంది. నిలబడే చెప్పాను.

“నా మనసు కోసరం చెప్తాండారు మీరు” అంది.

“కాదు మా. నువ్వు ఏసినావు. ఆయన మాట గుర్తుల మధ్య పెట్టినావు. ఆ గుర్తుల వల్లనే నా ప్రోగ్రామ్ చదవలేకపోయింది. తప్పు దానిది. అంటే నాది.”

మడత ఆగిపోయింది. “గొంతు అడ్డం పడె, కండ్లు మూసకపాయె, చచ్చిపోతాననుకొంటి,” అంది మెల్లగా. “అదే కదా నేను రాసింది?”

“అదే. అక్షరం పోకుండా అదే.”

“మీకెప్పుడు తెలిసె?”

“ఆ పొద్దే. మద్యాన్నం.”

చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. “అంటే ఆ పొద్దు మీరు ఇంటికి పోయి అన్నం తిన్నారా?”

“తిన్నా.”

“ఏం కూర?”

 ఆమె లేచి, దూదీ బ్యాండేజీలూ ఉన్న సంచి తీసుకుంది. “నాకు చెప్తే ఏమొస్తాది? ఆ అవ్వకు చెప్పండి. పదండి.”

మురుంగపాక్కం దాకా ఒకే బస్సులో వెళ్ళాం. ఇల్లు చేరాక ఆమె అలవాటుగా లోపలికి వెళ్ళి, పెద్దాయనను ఒక పక్కకు తిప్పి, పాత కట్టు విప్పి కడగడం మొదలుపెట్టింది. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వెవురు నాయనా?”

“ఆసుపత్రి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రాసినోణ్ణి అవ్వా.”

చెప్పాను. తెర అన్నాను, గుర్తులు అన్నాను, ఖాళీ అర అన్నాను. చెప్పేకొద్దీ నా మాట నాకే సాకులా వినబడింది. అవ్వ అంతా విని ఒకటే అడిగింది. “ఈ పిల్ల రాసిందానికి రుజువు ఉండాదా?”

“లేదవ్వా. నేనే చెరిపేసినా.”

అవ్వ లోపలికి చూసింది. “నాలుగేండ్ల ముందు ఈ పిల్ల వచ్చి నా కాళ్ళమీద పడె. తప్పు నాదే అని ఏడ్చె. నా కడుపుమంట చల్లారలేదు. అయినా నిజం ఒప్పుకొనింది కదా అని రానిచ్చినా. ఇప్పుడు నిన్ను పిలచకొచ్చి, తప్పు తనది కాదని చెప్పిస్తాండాది.”

“ఆమె పిలవలేదవ్వా. నా అంతట నేనే వచ్చినా.”

“నీ అంతట నువ్వే వచ్చి, ఇద్దురూ ఒకే బస్సు దిగినారా?”

నేను ఎన్ని విధాల చెప్పినా ఆ ముసలామె వినలేదు. ఎందుకు వింటుంది? ఏడుస్తూ ఒప్పుకున్న మనిషి ఒకరు, చేతిలో ఏ రుజువూ లేకుండా సాంకేతికం మాట్లాడే మనిషి ఒకరు. నా కథ నమ్మాలంటే, నాలుగేళ్ళుగా నమ్మినదాన్ని వదులుకోవాలి. లోపల కట్టు కడుతున్న నర్సు వైపు చెయ్యి చూపి అవ్వ అంది. “ఆ గుడ్డ ఆడ పెట్టు. ఇంక నువ్వు రాబాక.”

“అవ్వా, కట్టు సగంలో ఉండాది. కట్టేసి పోతాను.”

“మేం కట్టుకుంటాం లే. పో.”

పెద్దాయన ఏదో శబ్దం చేశాడు. దాని అర్థం ఏమిటో మాలో ఎవరికీ తెలియలేదు. ఆమె దూదీ మందూ మంచం పక్కన వరుసగా పెట్టి, ఏది ముందు ఏది తరవాత అని అవ్వకు చెప్పబోయింది. అవ్వ ముఖం తిప్పుకుంది.

బస్‌స్టాప్‌లో ఆమె నాకు దూరంగా నిలబడింది. బస్సు కనబడ్డాక అంది. “ఆ పొద్దు చెప్పకపోతిరి, ఉద్యోగం పాయె. ఈ పొద్దు చెప్పితిరి, ఈ ఇల్లు పాయె. ఇంక నాకోసరం ఏమీ చెయ్యబాకండన్నా.”

జరిగిందంతా తమిళంలో ఒక కాగితంమీద రాసి, సంతకం పెట్టి ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం ఆమెకు రాదు. గుమ్మంలోంచే తిరిగి ఇచ్చేసింది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. నర్సింగ్ హోమ్ ఎప్పుడో అమ్మేశానని, పాతవి తవ్వితే ఎవరికీ మంచిది కాదని అన్నారు. మురుంగపాక్కం ఇంటికి ఒంటరిగా రెండుసార్లు వెళ్ళాను. తలుపు తీయలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఆమె ఆ పెద్దాయన మాటను పూర్తిగా, సరిగ్గా, తనకు నేర్పిన పద్ధతిలోనే రాసింది. ఎంటర్ నొక్కింది. అది చేరింది. నేను చూశాను.

ఆదివారాలు ఇప్పుడు ఆయన కట్టు ఎవరు మారుస్తున్నారో నాకు తెలియదు.